కొత్త స్కేటు కరిచిన చోటు: 12 ఏళ్ల ఐస్ హాకీ ఆటగాడి పాదం నొప్పిపై ఒక కేస్ స్టడీ

కొత్త చెప్పు కరవడం మనకు తెలియని సంగతి కాదు. మడమ దగ్గర చర్మం ఊడుతుంది, కాస్త కొబ్బరినూనె రాస్తాం, నాలుగు రోజులు కుంటుకుంటూ తిరుగుతాం, ఐదో రోజుకు తోలు మెత్తబడి చెప్పు మన కాలికి లొంగుతుంది. ఈ అనుభవం మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, కెనడాలోని బ్రాంప్టన్‌లో నేను పనిచేసే ఫిజియోథెరపీ క్లినిక్‌కు హాకీ సీజను మొదట్లో వచ్చే తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది, పిల్లవాడి కొత్త ఐస్ హాకీ స్కేట్ల నొప్పిని కూడా అదే ఖాతాలో వేసి, "వాడగా వాడగా అదే సర్దుకుంటుంది" అనుకుంటూ మూడు నాలుగు వారాలు గడిపిన తర్వాతే వస్తారు. ఇక్కడ రాస్తున్న కేసు కూడా అలాగే ఆలస్యంగా వచ్చినదే. అయితే ఇందులో జరిగిన ఆలస్యమంతా తండ్రిది కాదు, పది రోజులు నా లెక్కలోకే వస్తాయి. ఆ పది రోజుల్లో నేను చేసిన పొరపాటు చెప్పకుండా మిగతాదంతా రాస్తే ఈ కేసు వల్ల తోటి ఫిజియోథెరపిస్టులకు ప్రయోజనం ఉండదు కనుక, దాన్ని ఉన్నదున్నట్టుగా రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకుని, వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

అబ్బాయి, అతని స్కేట్లు

అబ్బాయికి 12 ఏళ్లు, ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 43 కిలోలు. హాకీ కెనడా వయసుల విభజన ప్రకారం యు13 (13 ఏళ్ల లోపు) విభాగంలో, డిఫెన్స్ స్థానంలో ఆడతాడు. ఆరేళ్ల వయసు నుంచి మంచు మీద తిరుగుతున్నా, అంతకుముందు ఎన్నడూ పాదం నొప్పి అన్నవాడు కాదు. పాత స్కేట్లు ఇరుకైపోవడంతో ఆగస్టు చివర్లో తండ్రి ఆన్‌లైన్‌లో కొత్త జత తెప్పించారు. తెల్లకాగితం మీద పిల్లవాడి పాదం పెట్టించి చుట్టూ పెన్సిల్‌తో గీసి, స్కేలుతో కొలిచి, కంపెనీ పట్టికలో చూసి, ఎదిగే పిల్లాడు కదా అని అర సైజు కలిపి 6వ సైజు, మామూలు వెడల్పు రకం కొన్నారు. హాకీ స్కేటు సైజు రోజువారీ బూటు సైజు కంటే ఒకటి నుంచి ఒకటిన్నర తక్కువగా ఉంటుందన్న సంగతి ఆయనకు తెలుసు. ఆయన కొలతలో తప్పు లేదు. కాగితం మీది గీత పాదం పొడవు, వెడల్పు చెబుతుంది గానీ పాదం ఎంత ఎత్తు ఉందో చెప్పదు, పక్కన ఎముక ఎక్కడ పొడుచుకొచ్చిందో అసలే చెప్పదు.

కొన్నది మంచి గట్టి మోడలే. పాత జత చవకది, మెత్తనిది కాగా, ఇది పెద్ద ఆటగాళ్ల కోసం తయారైన స్థాయికి దగ్గరగా ఉన్న బిరుసైన బూటు. ఈ బిరుసుతనం లోపం కాదు. స్కేటు అడుగున ఉండే ఉక్కు బ్లేడు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. అంత సన్నటి అంచు మీద నిలబడి పక్కకు నెట్టాలంటే చీలమండను చుట్టూ గోడలా పట్టి ఉంచేది ఏదో కావాలి. అందుకే ఇప్పటి స్కేట్ల పక్కగోడలను, వేడికి మెత్తబడి చల్లారాక బిగుసుకునే మిశ్రమ పదార్థాలతో తయారుచేస్తారు. తోలు చెప్పుకూ దీనికీ ఉన్న తేడా అదే. తోలు పాదానికి తగ్గట్టు సాగుతుంది, ఈ గోడ మంచు మీది చలిలో పాదాన్నే తనకు తగ్గట్టు సర్దుకోమంటుంది.

నొప్పికి ఉన్న పేర్లు

సెప్టెంబరు మూడో వారంలో తండ్రి, నానమ్మ కలిసి అబ్బాయిని తీసుకొచ్చారు. తండ్రి చెప్పిన దాని ప్రకారం, స్కేట్లు కట్టుకున్న 10 నుంచి 15 నిమిషాల్లో కుడి పాదం లోపలివైపు నొప్పి మొదలవుతుంది. బెంచీ మీదకు వచ్చి లేసులు వదులు చేస్తే రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. ఎడమ పాదంలో కొద్దిగా ఉంటుంది గానీ ఆట ఆపాల్సినంత కాదు. సున్నా నుంచి పది వరకు ఉండే కొలతలో అబ్బాయి తన నొప్పికి 7 ఇచ్చాడు. ఇంగ్లిషులో అతను వాడింది ఒక్కటే మాట, దాని అర్థం నొప్పి అన్నంతే.

తెలుగులో మనకు ఈ ఒక్క మాట చాలదు, అది మన అదృష్టం. చర్మం ఒరుసుకుంటే మంట. నరం మీద లేసు నొక్కితే తిమ్మిరి. అరికాలి కండరాలు అలసి ముడుచుకుంటే గుంజుడు, కొంకర్లు. ఎముక మీద ఏదైనా ఒత్తితే పోటు. లోపల వాపు చేరి, ఒత్తిడి తీసేశాక కూడా తగ్గకుండా రాత్రి వేధించేది సలుపు. తెలుగు రోగులను చూసేటప్పుడు ఈ ఐదింటిలో ఏదో నేను తప్పక అడుగుతాను, ఎందుకంటే స్కేటు నొప్పుల విషయంలో ఈ మాటల్లోనే సగం నిర్ధారణ ఉంటుంది. ఆ రోజు కూడా అడిగాను. తండ్రి గుంజుడు అన్నారు. నానమ్మ మాత్రం, "గుంజుడు కాదమ్మా, రాత్రి పడుకున్నాక వీడికి తెలియకుండానే ఆ పాదాన్ని ఇంకో పాదంతో రుద్దుకుంటున్నాడు, అది సలుపే" అన్నారు. నేను ఆ మాట నోట్సులో రాసుకున్నాను. రాసుకుని, పక్కన పెట్టేశాను.

మొదటి పరీక్ష, నా తొందరపాటు

నిలబెట్టి వెనక నుంచి చూస్తే కుడి మడమ లోపలికి వాలి, అరికాలి వంపు ఎడమ కంటే బాగా కిందికి దిగి ఉంది. కూర్చున్నప్పుడూ నిలబడినప్పుడూ వంపు ఎత్తులో తేడా కుడివైపు 11 మిల్లీమీటర్లు, ఎడమవైపు 8. ఒంటికాలి మీద మడమ ఎత్తమంటే ఎడమ కాలితో 22 సార్లు ఎత్తాడు, కుడి కాలితో 10 సార్లకే నొప్పి అని ఆపేశాడు. వేళ్లలో స్పర్శ, పాదం మీది నాడి మామూలుగా ఉన్నాయి. మడమను రెండు వైపుల నుంచి నొక్కితే నొప్పి లేదు కాబట్టి, ఈ వయసు పిల్లల్లో తరచుగా కనిపించే మడమ ఎదుగుదల పలక నొప్పిని పక్కన పెట్టాను. చీలమండ ముందు భాగంలో, లేసులు గట్టిగా దిగే చోట, నొక్కితే నొప్పి గానీ వాపు గానీ లేదు. అది లేసు కాటు కాదు. పాదం పైభాగంలో, అరికాలి వంపు మీద ఉండే చిన్న ఎముక నావిక్యులర్, దాని నడినెత్తిన వేలు పెట్టి నొక్కాను, అక్కడా ఏమీ లేదు. ఆ చోట నొప్పి ఉంటే ఒత్తిడి వల్ల వచ్చే పగులును అనుమానించాలి, ఆటను ఆ క్షణమే ఆపించాలి.

పాదం లోపలి అంచున, చీలమండ గిలకకు ముందుగా కాస్త కిందన, పావలా బిళ్లంత ఎరుపు కనిపించింది. నొక్కితే పిల్లవాడు కాలు వెనక్కి లాక్కున్నాడు. ఆ ఎరుపు కింద చిన్న గుబ్బ ఉంది. నేను దాన్ని చూశాను. చదునుపాదం ఉన్నవాళ్లలో నావిక్యులర్ ఎముక కొద్దిగా ముందుకు పొడుచుకొచ్చినట్టు కనిపించడం మామూలే అనుకుని, చదునుపాదం కారణంగా కొత్త బిరుసు బూటులో అరికాలి కండరాలు అలసిపోతున్నాయని తేల్చాను. వంపుకు ఊతమిచ్చే సిద్ధంగా దొరికే ఇన్‌సోలు ఒకటి వేయమని, పాదం కండరాలకు వ్యాయామాలు చేయమని చెప్పి పంపాను.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒక్కటి కాదు. గుబ్బను చూసి కూడా దానికి పేరు పెట్టలేదు. నానమ్మ చెప్పిన సలుపును నమ్మలేదు. అలసిన కండరం మామూలుగా ఇలా రాత్రి సలపదు. అన్నిటికంటే పెద్దది, అబ్బాయి బడి బూట్లతో వస్తే, నొప్పి పెట్టే స్కేటును ఒక్కసారైనా చూడకుండా దాని లోపలికి ఇంకో వస్తువు పెట్టమని రాసిచ్చాను.

పది రోజుల తర్వాత వాళ్లు తిరిగి వచ్చేసరికి నొప్పి 8కి చేరింది. లేసులు విప్పాక తగ్గడానికి రెండు నిమిషాలకు బదులు మర్నాటి పొద్దుట వరకు పడుతోంది. బడిలో మెట్లు ఎక్కేటప్పుడు కుంటుతున్నాడని టీచరు కబురు పంపింది.

స్కేటును పరీక్షించడం

ఈసారి స్కేట్లు, ఆటకు వేసుకునే సాక్సు తెమ్మని ముందే చెప్పాను. సంచి తెరిస్తే సాక్సు రెండు జతలు ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి వేస్తున్నారు. రింకులో చలి కదా అని నానమ్మ ఇంటి నుంచి తెచ్చిన ఉన్ని సాక్సు పైన, మామూలుది లోపల. ఇరుకు బూటులో మందం సాక్సు వేస్తే వేళ్లకు నెత్తురు సరిగా అందక చలి ఎక్కువే అవుతుందని చెబితే ఆవిడకు నమ్మశక్యంగా అనిపించలేదు. నిజానికి చాలామందికి అనిపించదు.

ముందు బూటులోని అట్టను బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద అబ్బాయిని నిలబెట్టాను. ముందు భాగంలో వేళ్ల దగ్గర సుమారు 9 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది, అంటే పొడవు అర సైజు ఎక్కువ. పాదం మధ్యలో మాత్రం లోపలి అంచు అట్ట దాటి బయటికి ఒరిగి ఉంది. పొడవు ఎక్కువైన బూటు వెడల్పులో ఇరుకు కావడం వింతగా తోచవచ్చు గానీ, స్కేట్లలో ఇది సర్వసాధారణం.

తర్వాత పెన్సిల్ పరీక్ష. లేసులు పూర్తిగా వదిలి, బూటు నాలుకను (లేసుల కింద ఉండే మెత్తటి పట్టీని) ముందుకు లాగి, మడమను వెనక్కి ఆనించి, పైనుంచి మూడో రంధ్రాల జతకు అడ్డంగా ఒక పెన్సిల్ పెట్టి చూడాలి. పెన్సిల్ రెండు గోడల మీదా ఆనితే బూటు లోతు చాలినట్టు, పాదం పైభాగానికి తగిలి ఒక పక్కకు లేస్తే చాలనట్టు. నేను ఇచ్చిన ఇన్‌సోలుతో పెడితే పెన్సిల్ పాదం మీద కూర్చుని తక్కెడలా ఊగింది. ఇన్‌సోలు తీసేసి బూటుతో వచ్చిన అట్టనే వేసి చూస్తే, గోడల మీద ఆనీ ఆననట్టుగా ఆగింది. నా మందు పాదాన్ని కొన్ని మిల్లీమీటర్లు పైకెత్తి, గుబ్బను గోడకు మరింత గట్టిగా ఒత్తిందని ఆ పెన్సిల్ చెప్పింది.

మోకాళ్లు వంచి నిలబడమని, మడమ వెనక చిటికెన వేలు పెట్టి చూస్తే, వేలు కిందిదాకా జారింది. మడమ కుదురుగా లేదన్నమాట. మరి ఆడేటప్పుడు మడమ జారకుండా ఏం చేస్తున్నారని అడిగితే, తండ్రి మాటల్లో కాక చేతల్లో చూపించారు. నేల మీద గొంతుకు కూర్చుని, బ్లేడును తన రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, లేసులు బిగించే కొక్కేన్ని తీసుకుని, వేళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కో వరుసనూ పళ్లు బిగబట్టి లాగారు. మూడో వరుస, నాలుగో వరుస వచ్చేసరికి అబ్బాయి బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాడు, నోరు మాత్రం విప్పలేదు. బూటు పక్కగోడలు పాదం మధ్యభాగం మీదికి వంగి రావడం నాకు స్పష్టంగా కనిపించింది. గుబ్బ ఉన్నది సరిగ్గా ఆ వరుసల ఎదురుగానే.

నొప్పి పుట్టించిన గొలుసు అక్కడ మొత్తం కళ్లముందుకు వచ్చింది. పొడవు ఎక్కువ కావడంతో మడమ జారుతోంది. మడమ జారుతోందని లేసు బిగిస్తున్నారు. బిగించిన లేసు మడమను పట్టలేక పాదం నడుమను నొక్కుతోంది. అక్కడ అసలే ఇరుకు, ఆ ఇరుకులో ఒక ఎముక, దాని చుట్టూ రెండు సాక్సులు, అడుగున నేను పెట్టించిన ఎత్తు.

ఇక గుబ్బ గోడకు తగులుతున్న చోటు కచ్చితంగా తెలియాలి. స్కేట్లు సరిచేసే దుకాణాల్లో ఇందుకు లిప్‌స్టిక్ వాడడం పాత అలవాటు: గుబ్బ మీద రాసి, ఒట్టి కాలిని బూటులో పెట్టి నిలబెడితే, లోపలి గుడ్డ మీద మరక పడుతుంది. నా దగ్గర లిప్‌స్టిక్ లేదు, పెన్ను రాసి చూస్తే అంటలేదు. నానమ్మ తన చేతిసంచిలో నుంచి తిలకం సీసా తీసి, "ఇది పనికొస్తుందా అమ్మా?" అన్నారు. సీసా మూతకున్న పుల్లతో గుబ్బ నడినెత్తిన బొట్టు పెట్టారు. అబ్బాయి నవ్వాపుకోలేక కాలు కదిపితే, కదలకని ఆవిడే గద్దించారు. తడి ఆరకముందే పాదం బూటులో దింపి, మోకాలు వంచి బరువు వేయించి, మళ్లీ పైకి తీశాం. టార్చి వేసి చూస్తే లోపలిగోడ మీద, అడుగు నుంచి 4 సెంటీమీటర్ల ఎత్తున, ఎర్రటి మచ్చ. దాని చుట్టూ గుడ్డ అప్పటికే నున్నగా అరిగి ఉంది.

ఎక్స్-రే, నిర్ధారణ

ఎక్స్-రే కోసం వాళ్ల ఫ్యామిలీ డాక్టరుకు ఉత్తరం రాశాను. పాదం మీద బరువు ఉంచి తీసే మామూలు చిత్రాలతో పాటు, లోపలి అంచు స్పష్టంగా కనిపించేలా పాదాన్ని బయటికి వాల్చి తీసే ఏటవాలు చిత్రం కూడా అడిగాను, ఎందుకంటే నేను వెతుకుతున్న ఎముక ఆ కోణంలో తేలికగా బయటపడుతుంది. కుడి నావిక్యులర్ పక్కన 9 మిల్లీమీటర్ల అదనపు ఎముక ఉన్నట్టు నివేదిక వచ్చింది, పగులు లేదు.

అదనపు నావిక్యులర్ పుట్టుకతో వచ్చే తేడా. సుమారు పది మందిలో ఒకరికి ఉంటుందని చెబుతారు, వారిలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. దీన్ని మూడు రకాలుగా చూస్తారు. మొదటి రకంలో అది కండర బంధంలో, అంటే టెండన్‌లో, ఇమిడి ఉన్న చిన్న గింజ. సాధారణంగా ఇబ్బంది పెట్టదు. మూడో రకంలో అసలు ఎముకతో పూర్తిగా కలిసిపోయి కొమ్ములా పొడుచుకొస్తుంది. ఈ అబ్బాయిది రెండో రకం: అదనపు ఎముకకూ అసలు ఎముకకూ మధ్య మృదులాస్థి వంతెన ఉంటుంది. పాదం వంపును పైకి పట్టి ఉంచే టిబియాలిస్ పోస్టీరియర్ కండరం తన టెండన్‌తో ఈ ఎముకనే పట్టుకుని లాగుతుంది. బయటి నుంచి బూటు నొక్కడం, లోపలి నుంచి కండరం లాగడం రెండూ కలిసినప్పుడు ఆ వంతెన వాచి సలుపుతుంది. మడమ ఎత్తినప్పుడు వచ్చిన నొప్పికి, పాదాన్ని లోపలికి తిప్పి నా చేతికి ఎదురు నెట్టమన్నప్పుడు వచ్చిన నొప్పికి కారణం ఇదే. ఎడమ పాదంలోనూ చిన్న గుబ్బ ఉంది, అయితే దానికి ఎక్స్-రే అవసరం అనిపించలేదు.

ఆరేళ్లుగా లేని నొప్పి ఇప్పుడే ఎందుకన్నది తండ్రి వేసిన మంచి ప్రశ్న. ఈ వయసులోనే ఆ ఎముక గట్టిపడుతూ పెద్దదవుతుంది, బరువూ ఆట వేగమూ పెరుగుతాయి; పాత స్కేటు మెత్తగా ఉండి గుబ్బకు దారి ఇచ్చింది, కొత్తది ఇవ్వలేదు.

చేసిన పని

మొదట 10 రోజులు స్కేటింగ్ ఆపించాను. పిల్లవాడి ముఖం చూసి, జట్టుతో తెగిపోకుండా ఉండేందుకు, బేస్‌మెంటులో కర్రతో బంతి ఆడుకోవడం, వ్యాయామ సైకిలు తొక్కడం ఉంచాను. వాపు తగ్గేందుకు రోజుకు రెండుసార్లు 10 నిమిషాల చొప్పున గుడ్డలో చుట్టిన ఐసు. మందుల సంగతి వాళ్ల డాక్టరు చూసుకున్నారు. నేనిచ్చిన ఇన్‌సోలును బడి బూట్లలోకి మార్చాను; అక్కడ చోటు ఉంది కాబట్టి అది మేలే చేసింది. నడుమ రంధ్రం ఉన్న మెత్తను గుబ్బ చుట్టూ అతికించడం కూడా బడి బూట్ల వరకే. ఇరుకైన స్కేటులో మెత్త పెడితే ఒత్తిడి ఇంకా పెరుగుతుందని నా ఇన్‌సోలే నాకు నేర్పింది.

స్కేట్లు మార్చాలా, ఉంచాలా అన్నది అసలు చిక్కు. మంచు మీద వాడిన జతను వెనక్కి తీసుకోరు. అర సైజు చిన్నదీ, వెడల్పు ఎక్కువదీ కొనడం పుస్తకాల ప్రకారం సరైన పని. నేను ఉంచుకోమన్నాను, నాతో అందరూ ఏకీభవించకపోవచ్చు. పాదం ఎదుగుతున్న వయసు, పొడవులో తేడా అర సైజే, పెన్సిల్ పరీక్షలో లోతు అంచుమీద సరిపోయింది, నొప్పి ఒక్క చోటుకే పరిమితం. ఒక్క చోటు సమస్యకు ఒక్క చోటే చికిత్స చేయవచ్చు. పాదం పైభాగమంతా నొక్కుకుపోతున్నా, వేళ్లు ముందు ముడుచుకుంటున్నా ఈ సలహా ఇచ్చేదాన్ని కాదు.

అనుభవమున్న స్కేట్ల పనివాడి దగ్గరకు, తిలకం మచ్చ తుడవకుండానే పంపాను. అతను ముందు బూటును తయారీదారు చెప్పిన వేడిలో, సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని నిమిషాలు ఉంచి, పాదానికి తొడిగి, లేసులు పైకి కాక పక్కలకు లాగి కట్టి, చల్లారేదాకా నడవనివ్వకుండా కూర్చోబెట్టాడు. వేడి మీద ఉన్న గోడల నుంచి రంధ్రాల రింగులు ఊడకుండా ఉండాలంటే అలాగే లాగాలి. ఆ పని ఇంట్లో ఓవెన్‌లో చేసుకోవచ్చా అని తండ్రి అడిగితే వద్దన్నాను. ఇంటి ఓవెన్‌లో వేడి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండి, జిగురు విడిపోయిన జతలు చూశాను. చల్లారాక, లోపల గుండు, బయట వలయం ఉన్న ఇనుప పట్టుకారు లాంటి పరికరంతో మచ్చ ఉన్న చోట గోడను బయటికి నొక్కి 5 మిల్లీమీటర్ల గుంట చేశాడు. 24 గంటలు ముట్టుకోవద్దన్నాడు.

లేసులు కట్టే పద్ధతి మార్చడానికి తండ్రికి రెండు పూటలు నేర్పాల్సి వచ్చింది. వేళ్ల దగ్గరి వరుసలు వదులుగా. గుబ్బకు ఎదురుగా ఉన్న ఒక రంధ్రం వదిలేసి పై రంధ్రానికి. అక్కడ నుంచి చీలమండ మడత దగ్గర రెండు వరుసలు గట్టిగా, మడమ వెనక్కి కూర్చునేలా. అన్నిటికంటే పై రంధ్రం ఖాళీగా, మోకాలు ముందుకు వంగేలా. కట్టేముందు మడమను నేలకు రెండుసార్లు తట్టి వెనక్కి దిగనివ్వాలి. కొక్కేన్ని ఇంట్లోనే వదిలి రమ్మన్నాను, ఎందుకంటే చేతివేళ్లతో లాగగలిగినంత బిగువు ఈ పిల్లవాడికి చాలు. సాక్సు ఒక్కటే, పల్చటిది.

వ్యాయామాలను క్లుప్తంగా చెబుతాను. వేళ్లు ముడవకుండా అరికాలిని పొట్టి చేసి 5 సెకన్లు పట్టి ఉంచడం; సాగే పట్టీతో పాదాన్ని లోపలికి లాగడం, 12 చొప్పున మూడు విడతలు; మడమల మధ్య టెన్నిస్ బంతి ఇరికించి రెండు మడమలూ ఎత్తడం, నొప్పి 2 దాటితే ఆపడం; పిక్క సాగదీయడం. మూడో వారం నుంచి తుంటి పక్క కండరాలకు కూడా కలిపాను, పక్కకు నెట్టే ఆ కదలికకు మూలబలం అక్కడిదే.

ఫలితం

మంచు మీదకు తిరిగి వెళ్లడం లెక్క ప్రకారం జరిగింది: మొదటి రోజు 15 నిమిషాలు, ఒకరోజు విడిచి 25, తర్వాత 35. ఆడేటప్పుడు నొప్పి 3 దాటకూడదు, మర్నాటి పొద్దుటికి ఏమీ మిగలకూడదు అన్నవి రెండే షరతులు. రెండో షరతును కనిపెట్టే పని నానమ్మకు అప్పగించాను, ఆవిడ కన్ను నమ్మదగినదని అప్పటికే తెలిసింది కాబట్టి. నాలుగో వారానికి పూర్తి ప్రాక్టీసు చేశాడు, నొప్పి 2. ఆరో వారానికి 1, కుడి మడమ 19 సార్లు ఎత్తాడు. గుబ్బ మీది ఎరుపు పోయి, చిన్న కాయ మిగిలింది.

నవంబరు చివర్లో ఒక టోర్నమెంటులో రెండు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు ఆడి, నొప్పి 4తో వచ్చాడు. స్కేట్లు చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి, లేసులే మళ్లీ పాత పద్ధతిలో ఉన్నాయి. ఆ రెండు రోజులు కట్టింది తండ్రి కాదట, జట్టులో ఇంకో పిల్లవాడి తండ్రి. మూడు రోజుల విశ్రాంతితో తగ్గింది. అప్పటి నుంచి అబ్బాయి తన లేసులు తనే కట్టుకుంటున్నాడు.

ఇలాంటి కేసులన్నీ ఇంత తేలికగా తెమలవు. రెండో రకం అదనపు నావిక్యులర్ చోటు కల్పించినా, విశ్రాంతి ఇచ్చినా మొండికేస్తే, కొన్ని వారాల పాటు పాదాన్ని వాకింగ్ బూటులో గానీ కట్టులో గానీ కదలకుండా ఉంచాల్సి వస్తుంది; అప్పటికీ లొంగని కొద్దిమందిలో ఆ ఎముకను తీసేసే శస్త్రచికిత్స చేస్తారు. ఈ అబ్బాయికి ఆ అవసరం రాలేదు గానీ, ఆ దారి ఉందని తల్లిదండ్రులకు మొదట్లోనే చెప్పాను.

మార్చిలో చివరిసారి చూసినప్పుడు పాదం 6 మిల్లీమీటర్లు పెరిగింది. ముందున్న ఖాళీ చాలావరకు నిండి, మడమ కూడా కుదురుకుంది. అయితే పాదం పెరిగితే మడమ ఉన్నచోటే ఉంటుంది, గుబ్బ ముందుకు జరుగుతుంది. పాత గుంట ఇప్పుడు దాని వెనకబడింది. గుంట ముందరి అంచు ఎముకకు తగలడం మొదలైంది, నొప్పి ఇంకా రాలేదు. ఈ జతకే ఇంకోసారి గుంట కొట్టించి సీజను దాటిద్దామని, వేసవిలో వెడల్పు రకం కొత్త జతను దుకాణానికి వెళ్లి కాలికి తొడిగి చూసి కొనాలని నిర్ణయించాం. తలుపు దాకా వెళ్లిన నానమ్మ వెనక్కి తిరిగి, "దుకాణానికి నన్ను కూడా తీసుకెళ్లమని వీళ్ల నాన్నకు చెప్పమ్మా, తిలకం సీసా కొత్తది తెప్పించాను" అన్నారు.